సులభపాక విశారదుడు

ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి వంటయింటివైపు దృష్టి సారించిన నాటినుండి ఆ యింటి ఆడువారి గ్రహచారము మారినదని తెలిసికొనవలెను. అంతవరకు ఆయన దస్త్రములకును, గుమాస్తాలకును అధిపతి. ఇప్పుడో, ఆధిపత్యము మిగిలియున్నది గాని అధీనులు లేరు. ఇట్టివారిలో కొందరు దేవాలయ ధర్మకర్తలగుదురు, కొందరు బస్తీ సంఘములకు కార్యదర్శులగుదురు, ఈ రెంటను చోటు దొరకనివాడు పోపులపెట్టె మూత తీసి లోపలికి తొంగిచూచును. అట్లు తొంగిచూచినవారిలో ఒక తెగవానిని గూర్చి ముచ్చటించుట నా యుద్దేశము. ఈతనికి భూమండలమున కష్టమైన కూర యనునది లేదు. దేనిని జూపినను "ఇదెంత పని?" యనును. కావున ఈతనిని సులభవాది యని పిలిచెదము.

సులభవాదులు అన్ని యూళ్లలోను కలరు గాని, నాకు పరిచితుడైనవాడు మొఘల్‌పురా వాస్తవ్యుడు. చార్మినారునకు ఆగ్నేయమున, శాలిబండకును కోట్ల ఆలీజాకును నడుమ అల్లుకొనిపోయిన ఆ సందులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము ఒకే గోడకు ఈవల నొకటి ఆవల నొకటిగా కాపురముండును. ఈవలివారు ఎండుమిరపకాయ పోపు వేసినచో ఆవలివారు తుమ్ముదురు. తుమ్మినవారు తలుపు తట్టి ఏమి వండుచున్నారని యడుగుటయు అచ్చట మర్యాదయే. ఇట్టి చోట సులభవాదికి శ్రోతలు కొదువపడరు. "బిల్కుల్ ఆసాన్! పది నిమిషాలల్ల అయిపోతది" యనునది ఆయన పల్లవి. ఆ పది నిమిషములు ఏ గడియారములోనివో ఆ యింటివారికి నేటికిని తెలియదు.

కూరగాయలలో ఆయన అభిమానము క్యాబేజీయందు. దీనికి కారణము రుచి కాదు, రాజకీయము. గుమ్మడికాయ దప్పళమును గూర్చి నోరు విప్పినచో ఇంటనున్న వృద్ధురాలు తన యత్తగారి ప్రమాణమును చూపి ఖండించును. గోంగూర పచ్చడి జోలికి పోయినచో ఊరంతయు తిరుగబడును. క్యాబేజీ యట్లు కాదు. యూరోపియనుల వెంట ఓడలమీద వచ్చిన సీమకూర. సంప్రదాయము పాటించు ఇండ్లలో శ్రాద్ధపు విస్తరియందు నేటికిని దానికి ప్రవేశము లేదు. ముత్తవ్వలెవ్వరును దానిని వండి శాసనములు చేసిపోలేదు. ధర్మశాస్త్రము లేని చోట మనవాడే ధర్మశాస్త్రకర్త. అందుచేత ఆయన క్యాబేజీ వేపుడును ఏరికోరి తన సొంత రాజ్యముగా ప్రకటించుకొనెను.

కూర కొనుటకు ఇంటి ముంగిటికి వచ్చు బండివాడు పనికిరాడు. మీరాలంమండికే పోవలెను. హైదరాబాదు దివానుగా నుండి 1808లో గతించిన మీర్ ఆలము పేర వెలసిన ఆ కూరగాయల అంగడికి ఆయన సంచితో కాక, సంచి పట్టిన మనుమనితో బయలుదేరును. చలికాలమున క్యాబేజీలు గోనెలకు గోనెలుగా దిగి గుట్టలు పడియుండును. ఆ గుట్టలో చేతికందినది తీసికొనుట సులభవాదికి అవమానము. ఒక్కొకదానిని ఎత్తి బరువు చూచును, చెవియొద్ద పెట్టుకొని నొక్కును, ఆకులు ఒరసికొని కిర్రుమన్నచో తల యూపును, కిర్రుమననిచో నిట్టూర్చి వేరొక గుట్టపై పెట్టును. నిజము చెప్పవలెనన్న ఈ పరీక్షలో శాస్త్రము లేకపోలేదు: పరిమాణమునకు మించి బరువున్నది, నొక్కినపుడు లోపలికి పోనిది, మొదట కోసిన తొడిమ ఎండి నల్లబడనిది మంచి గడ్డ. అయితే ఈ మూడు గుణములును మొదటి గడ్డయందే యున్నను ఆయన పదునాలుగవ దానివరకు పోవును. అమ్ముకొనునామె సహనము అంతదూరము పోదు. "తీస్కుంటే తీస్కో సారూ! గట్ల పిసికి పిసికి సంపుతే మిగిలినయి ఎవలు కొంటరు?" అని ఆమె అడుగును. ఆయన చిరునవ్వుతో, "కూరగాయ ఏరుడు సుత ఒక విద్య అమ్మా" యని చెప్పి, తుదకు మొదటి దానినే కొనును.

ఇక వంట. భారతములోని నలోపాఖ్యానమున, బాహుకుడను మారుపేరుతో విదర్భకు వచ్చిన నలుని వంట తీరు కనిపెట్టి రమ్మని దమయంతి కేశిని యను పరిచారికను పంపును. కేశిని చూచి వచ్చి చెప్పినదేమనగా, ఆతడు చూచినంతమాత్రమున వట్టి కుండలు నీట నిండినవట. గడ్డి చేతబట్టి ఎండకు చూపినంతనే నిప్పు పుట్టినదట. ఈ రెండు సిద్ధులును మా మొఘల్‌పురా నలునకు జన్మతః సంక్రమించినవి. ఆయన చూచునప్పటికి బిందె నిండియే యుండును; రోజు విడిచి రోజు వచ్చు నల్లా నీటిని కోడలు వేకువను లేచి పట్టియుంచినది గదా! ఆయన చేయి చాచునప్పటికి పొయ్యి వెలిగియే యుండును. క్యాబేజీ నాలుగు చెక్కలై, నడిమి మొద్దు తొలగి, కత్తిపీటపై దారములవలె తెగి, కడిగి, తెల్లని గుడ్డపై ఆరబోయబడి యుండును. పోపుగింజలు వరుసగా గిన్నెలలో నుండును. ఆయన లెక్కలో వంట యనునది మూకుడు పొయ్యిమీద కూర్చున్న క్షణమున ఆరంభమై, దింపిన క్షణమున సమాప్తమగును. దానికి ముందు జరుగునది ప్రకృతి; తరువాత అంట్లగిన్నెలకు పట్టు గతి ప్రారబ్ధము. ఈ లెక్క ప్రకారము పది నిమిషములన్నమాట అబద్ధము కాదు. నలుడు తన విద్యను దాచుకొన్నాడు, ఈయన చాటుకొనుచున్నాడు, భేదము ఇంతియే.

ఆయన సిద్ధాంతము మూడు సూత్రముల మీద నిలిచియున్నది: క్యాబేజీ నంతయు ఒక్కసారి వేయవలెను, ఉప్పు ముందే చల్లవలెను, మూత పెట్టవలెను. ఈ మూడును తప్పే. క్యాబేజీలో నూటికి 92 పాళ్లు నీరు. ఉప్పు తగిలిన మరుక్షణమున ఆ నీరు బయటికి వచ్చును. మూకుడు నిండియున్నచో ఆవిరియై పోవుటకు దారి యుండదు. మూత పెట్టినచో ఆ ఆవిరియే మరల చుక్కలై కూరలో పడును. నీరున్నంతవరకు మూకుడులోని వేడి 100 డిగ్రీలు దాటదు. ఆకు అంచులు ఎర్రబడి కమ్మని వాసన పుట్టవలెనన్న సుమారు 140 డిగ్రీలకు పోవలెను. ఆ ఎర్రదనమునకు హేతువైన రసాయనక్రియను 1912లో లూయీ కమిల్ మేయార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించి కీర్తి గడించెను. మా యిరుగుపొరుగు కోడండ్రు ఏ కీర్తియు గడింపకయే దానిని నిత్యము నడుపుచున్నారు. ఇక ఉడుకుచున్న కొలది క్యాబేజీలోని గంధకపు సంయోగములు విడివడి వెలువరించు దుర్గంధమును గూర్చి విపులముగా వ్రాయుట సభ్యత కాదు. ఆ పూట గోడ కావలివారు తలుపు తట్టి ఏమి వండుచున్నారని అడుగరు, అంతియే.

ఆ కోడలి రాజనీతిని చూచినచో కౌటిల్యుడు శిష్యుడగును. "ఉప్పు ముందే వెయ్యి బిడ్డా" యని ఆయన యన్నప్పుడు "సరే మామయ్యా" యని చిటికెడు క్యాబేజీని చిన్నగిన్నెలో వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి, వెనుకనున్న చిన్నపొయ్యిమీద నుంచి, దానిని కనిపెట్టు భారమును ఆయనకే యొప్పగించును. ముందరి పెద్దపొయ్యిమీద ఇనుపమూకుడు పొగలు చిమ్ము వేళ నూనె పోసి, శనగపప్పు, మినపప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వరుసగా చిటపటలాడించి, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, కరివేపాకు వేసి, క్యాబేజీని రెండు వాయలుగా, మూత లేక, పెద్దమంటపైన వేయించును. అట్లకాడతో ఊరక కలుపదు. అడుగుపొర అంటుకొని ఎర్రబడువరకు కదల్పక, ఒక్కసారి తిరుగవేసి మరల ఊరకుండును. ఆ ఊరకుండుటయే ఈ విద్యలోని రహస్యము. మామగారికి ఈ జన్మమున అలవడనిదియు అదియే. దింపుటకు ముందు ఉప్పును, పుట్నాలు వెల్లుల్లితో నూరిన కారప్పొడియు చల్లును. విస్తరిలోనికి వచ్చునది ఈ వేపుడు. చిన్నగిన్నెలోని పదార్థము ఎచ్చటికి పోవునో నేనడుగలేదు. సులభవాది తొలిముద్ద నోట పెట్టుకొని, కండ్లు మూసికొని, "చూసినవా? ఉప్పు ముందేస్తే గిట్ల ఉంటది" యనును. కోడలు నెయ్యి వడ్డించును.

ఇట్టి విజయములచే పెరిగిన పేరాస ఒకనాడు ఆయనను వీధికి లాగినది. విదేశములలో క్యాబేజీని లావుపాటి చక్రములుగా కోసి, నూనె పూసి, ఓవెనులో కాల్చి తిందురని వార్తాపత్రికలో చదివెను. ఇంట ఓవెను లేదు. అయిననేమి? సందు మొగలో నాన్ భట్టీ యుండనే యున్నది గదా! సంచి పట్టిన మనుమడు వెంటరాగా, నడివేళ, రద్దీ తగ్గిన సమయము చూచి పోయెను. ఉస్తాదు నాలుగు మూలల నాన్ ముద్దను మెత్తపైన పరచి, నడుమువరకు వంగి, భట్టీ లోపలి గోడకు చరచి అతికించుచుండెను. సులభవాది చక్రసిద్ధాంతమును సాంగోపాంగముగా వివరింపగా ఆతడు చెమట తుడిచికొని, "సాబ్, నాన్ చిపక్తా. గోభీ నై చిపక్తీ" యనెను. పాకశాస్త్ర చరిత్రలో ఇంత క్లుప్తమైన ఖండనము వేరొకటి యుండదని నా యభిప్రాయము.

అయినను మనవాడు ఓడువాడు కాడు. ఒక చేత కోయని క్యాబేజీని బంతివలె పట్టుకొని, రెండవ చేత వేడి ప్రసరించు మార్గములను గాలిలో గీయుచు, భట్టీ అంచునకు జరిగి, వంగి, "యహాఁ దేఖో ఉస్తాద్" అనుచుండగనే ఆ గడ్డ చేజారి, అడుగున నున్న నిప్పులలో పడినది. ఉస్తాదు నవ్వెను. పిల్లలు మూగిరి. నాన్‌లు గోడమీద నుండుటచే అప్పుడు దానిని తీయుటకు వీలులేక, వాయి వెనుక వాయి దిగువరకు అది బొగ్గులలోనే పొరలుచుండెను. చాలసేపటికి ఉస్తాదు పొడవాటి ఇనుపకొక్కెముతో దానిని బయటికి లాగెను. మొదట చూచినవారు బొగ్గుగడ్డ యనుకొనిరి. పైయాకులు మాడి మసియై చిటచిట రాలుచుండెను. ఉస్తాదు వ్రేళ్లు కాలుచుండగా ఆ మసిపొరలను ఒలిచి పారవేసినంతనే, లోపల లేత పసుపువన్నె గుండె, చాకు గ్రుచ్చినచో వెన్నలో దిగినట్లు దిగినది. తన ఆవిరిలో తానే మగ్గి, పై మాడుటచే చిరుపొగ వాసన పట్టి, తీయబడియుండెను. ఉప్పు, కారము చల్లి, నిమ్మచెక్క పిండి, వేడి నాన్ చింపి అందరును తినిరి. తరుగలేదు, పోపు వేయలేదు, నూనెచుక్క ఖర్చు కాలేదు, తోమవలసిన గిన్నె లేదు. కోడలు ఆ సమయమున ఇంట నిదురించుచుండెను.

"మస్త్ హై సాబ్! కల్ ఫిర్ లావ్" అని ఉస్తాదు మెచ్చుకొనెను. సులభవాది మాత్రము రెండు పొరలు నమలి, మొగము ముడిచికొని, ఒక మూలకు జరిగెను. దారిలో మనుమడు ఆగబట్టలేక, "తాతా, ఇది అన్నిటికంటె ఆసాన్ గదా! మనం రోజూ గిట్లనే చేద్దామా?" యని యడిగెను.

"ఆసానా? నీకేం తెలుసురా!" యని తాత మండిపడెను. "దానికి భట్టీ కావాలె, బొగ్గులు కావాలె, కొక్కెం కావాలె, ఉస్తాద్ కావాలె, అంతసేపు ఎండల నిలబడాలె. శానా కష్టం బిడ్డా, శానా కష్టం!"