ముందు నువ్వు చదివితివా?

మా రోజుల్లో ఒక పుస్తకం బాగుందని చెప్పడం చిన్న పని కాదు. చెప్పినోడు ఆ పుస్తకాన్ని తెచ్చి చేతికియ్యాల. ఇచ్చి ఊరుకునేవాడా? ఎదురుపడినప్పుడల్లా "ఏమప్పా, యాడిదాంక వచ్చినావు?" అని ఆరా తీసేవాడు. చదివినోనికి నచ్చకపోతే చెప్పినోణ్ణి రచ్చకట్ట మీద కూర్చోబెట్టి కడిగేసేవాడు. ఇప్పుడా బాధే లేదు. పొద్దున్నే సెల్లు తెరిస్తే పుస్తకం అట్ట ఫొటో, కింద 'తప్పక చదవండి', ఆ కింద చేతులు జోడించిన బొమ్మ. పంపినోడు చదివినాడా అంటే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మధ్యాహ్నానికి ఇంకో అట్ట.

ఒకప్పుడు మా నల్లమాడ పేరు మీద అసెంబ్లీ నియోజకవర్గమే ఉండె. పునర్విభజనలో అది పోయి పుట్టపర్తి వచ్చింది. 2022లో జిల్లా పేరు కూడా అనంతపురం పోయి శ్రీ సత్యసాయి అయింది. ఎన్ని పేర్లు మారినా వాన మాత్రం మారలేదు, రాకపోవడమే దాని పద్ధతి. వాన రాని ఊర్లో మనుషులకు తీరిక ఎక్కువ. తీరిక ఉన్నచోట పేకాటన్నా పుడుతుంది, చదువన్నా పుడుతుంది. మా ఊర్లో రెండూ పుట్టినాయి. కొందరు రెంటిలోనూ ఉండిరి.

చదివే గుంపులో ఒక అయివారు, ఒక టైలరు, ఒక కాంపౌండరు, పోస్టు పంచే ఆయప్ప, సేద్యగాళ్ళు ఇద్దరు ముగ్గురు, తోకగా నాలాంటి పిల్లకాయలు. పుస్తకం మాత్రం ఒకటే. కదిరికి పోయినోడు బస్సులో తెస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు వీపీపీలో వచ్చేవి. డబ్బు కట్టేది అయివారే అయినా, కట్ట విప్పకముందే "రెండో చదువు నాది" అనేవాడు పోస్టాయన. మోసుకొచ్చినందుకు ఆ హక్కు ఉందని ఆయన వాదన. ఎవరూ కాదనలేదు.

విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను టౌనుకు వచ్చిందని తెలిస్తే ఆ రోజు టైలరు మిషను ఆగిపోయేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అందులో దొరికేవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, చవక ధర. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు అక్కడ కూర్చుని తెలుగు చేస్తాండ్రి. 1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఎవరెవరు ఎందుకెందుకు ఏడ్చినారో గాని, మా టైలరు మాత్రం పుస్తకాలు రావని ఏడ్చినాడు. ఆయనకు గోర్కీ 'అమ్మ' అంటే ప్రాణం, క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసింది. చొక్కా కుట్టలేదేమని అడిగినోని చేతిలో ఆ పుస్తకం పెట్టి "అంతవరకూ ఇది చదువుతా ఉండు" అనేవాడు. కుట్టడం ఆలస్యం చేసేదే అందుకని మా అనుమానం.

ఆయన అంగట్లోనే ఒక నోటు పుస్తకం ఉండేది, అప్పుల పద్దు మాదిరి. ఎవరు తీసుకుపోయిరి, ఎప్పుడు తెచ్చిరి, చదివి ఏమనిరి, అంతా అందులో. 'బాగుంది' అని రాస్తే కొట్టేసేవాళ్ళు. ఏం బాగుందో రాయాల. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివి కాంపౌండరు రాసిన మాట ఇప్పటికీ గుర్తే: "డాక్టరు చదివినోడు ఇట్ల తిరుగుతా ఉంటే రోగుల గతేమి?" దాని కింద అయివారు రెండు పేజీల జవాబు రాసినాడు. ఆ జవాబు కోసమే నేను నవల చదివితిని.

అయివారు అందరికీ ఒకే పుస్తకం చెప్పేవాడు కాదు, మనిషిని చూసి ఇచ్చేవాడు. ఒక ఏడాది కాయ ఊరేటప్పుడు వాన ఎగరగొట్టి, శెనక్కాయ చెట్టు పీకిన కూలి కూడా రాలేదు. మా గుంపులో సేద్యగాడొకడు పలకడమే మానేసినాడు. అతనికి సింగమనేని నారాయణ కతలిచ్చినాడు అయివారు. సింగమనేని మన జిల్లా మనిషే, రాప్తాడు దగ్గర బండమీదపల్లె. "నాకు జరిగిందే మళ్ళా నేను చదవల్లనా?" అని విసుక్కుంటానే తీసుకపోయినాడు. నెలకు తెచ్చి ఇస్తా ఒక్క మాట అడిగినాడు: "ఈయప్ప ఇంకా ఏమన్నా రాసినాడా?" అంతకు మించిన సమీక్ష ఏ పత్రికలోనూ నేను చూడలేదు.

ఆడవాళ్ళ చదువు ఇంకో తీరు. విత్తనానికి కాయలు ఒలిచే కాలంలో పడసాలలో అందరూ చేరితే, బడికి పోయే పిల్లోణ్ణి కాబట్టి సీరియల్ చదివే పని నాది. కూలి పిడికెడు పప్పులు. యద్దనపూడి 'సెక్రటరీ' జ్యోతి పత్రికలోనే మొదట వచ్చింది. ఎవరో ఆ పేజీలు చింపి బైండు చేయించింది మా ఇంటికి చేరింది. దాంట్లో హీరో రాజశేఖరం కారు దిగినప్పుడల్లా ఒలిచే చేతులు ఆగేవి. మా పెద్దమ్మకు మాత్రం నచ్చలేదు. "వానికి సేను లేదా, శెనక్కాయ లేదా, పొద్దస్తమానం ఆ పిల్ల ఎనకాలేనా?" అనేసింది. అక్షరం రాని మనిషి. అయినా తర్వాత భాగం ఎప్పుడు చదువుతావని మొదట అడిగేది ఆమే.

ఇప్పుడు చూడండి. మన జిల్లా బండి నారాయణస్వామి రాసిన 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చె. ఆ రోజు సెల్లులో మా గ్రూపు నిండా అట్టే అట్ట. మన సీమ, మన గర్వం! "దాంట్లో ఏముందప్పా?" అని అడిగితిని. గ్రూపంతా గమ్మునైపాయ. పద్దెనిమిదో శతాబ్దపు హండే పాలకుల నాటి అనంతపురం కత అని చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు. జవాబుగా మళ్ళా ఆ చేతులు జోడించిన బొమ్మే వచ్చె.

ఇంకొకటి, జాబితాలు. 'చనిపోయేలోపు చదవాల్సిన వంద పుస్తకాలు' అంట. నా వయసోడు ఆ మాట చదివితే దృష్టి వంద మీదికి పోదు, మొదటి మాట మీదికి పోతుంది.

ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయానికి రూపాయికి ఎనిమిది పైసలు కడతానే ఉన్నాం. ఆ పైసలేమాయ అని అడిగేంతమంది చదువరులు మిగల్లేదు. డెట్రాయిట్‌లో మనవాళ్ళు 1998 నుంచి సాహితీ సమితి పెట్టుకొని, నెలనెలా కూర్చుని పుస్తకాల మీద మాట్లాడుకుంటున్నారు. అంత మంచులో వాళ్ళకు కుదిరేది, ఇంత ఎండలో మనకెందుకు కుదరదో!

మా రచ్చకట్టను మరీ ఆకాశానికెత్తను లెండి. ఆడమనిషి ఆ కట్ట మీద కూర్చున్నది లేదు. ఊరవతలి వాడ నుంచి ఒక్కరిని పిలిచింది లేదు. నోటు పుస్తకంలో వాళ్ళ పేరే ఉండదు. చిలుకూరి దేవపుత్ర 'పంచమం' నవల నాకు కట్ట మీద దొరకలేదు. ఆ వాడ పిల్ల ఒకామె, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, ఫోన్ చేసి చెప్పింది. అట్ట ఫొటో పెట్టలేదు. "మామా, ఇది నువ్వు చదవల్ల" అని పుస్తకమే కొరియర్లో పంపి, వారం తిరక్కుండానే మళ్ళా ఫోన్ చేసి యాడిదాంక వచ్చినావని అడిగింది. చదవడానికి బద్ధకించినానని తెలిసి తిట్టింది కూడా. ఇట్లాంటోళ్ళు పది మంది ఉంటే నేనీ గొణుగుడు మానేస్తా.

తక్కినవాళ్ళ సంగతి అడగొద్దు. నా 'కొల్లాయిగట్టితేనేమి' ఒక స్నేహితుడు తీసుకుపోయి ఏండ్లు దాటె. మహీధర రామమోహనరావు నవల, నేను బైండు చేయించుకున్న ప్రతి. ఆయనిప్పుడు ధర్మవరంలో స్థిరపడినాడు, మా గ్రూపులోనే ఉన్నాడు. మొన్న ఆయనే పోస్టు పెట్టినాడు: "మిత్రులారా, మీ దగ్గరున్న మంచి పుస్తకం పేరు ఒకటి చెప్పండి."

"నా దగ్గర ఉండాల్సింది నీ దగ్గరుంది" అని రాస్తిని. దానికీ చేతులు జోడించిన బొమ్మే పెట్టినాడు.