ఆన్‌లైన్ క్విజ్ పెట్టే లెక్చరర్లకు ఐదు తప్పుడు సలహాలు

డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో ఈ మాటలు తరచూ వినిపిస్తాయి. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. పాటిస్తే నష్టపోయేది మాత్రం పిల్లలు.

1. "ప్రతి పోల్‌కీ మార్కులు పెట్టండి, అప్పుడే వింటారు."
మార్కులుంటే విద్యార్థి తనకు తోచింది చెప్పడు, పక్కవాడు నొక్కిందే నొక్కుతాడు. ఎక్కడ అర్థం కాలేదో తెలియాలంటే భయం ఉండకూడదు. మెంటీమీటర్ అనే పోల్ యాప్‌లో పేరు లేకుండా జవాబివ్వచ్చు. ఇంటర్నల్స్‌ని దాని జోలికి రానివ్వకండి.

2. "కహూట్ పెట్టండి, క్లాసు హుషారెక్కుతుంది."
కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ ఆటలో మామూలుగా సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అంత ఎక్కువ పాయింట్లు. ఫార్ములాలు గుర్తుచేయడానికి బాగుంటుంది. లెక్క చేయాల్సిన ప్రశ్నకు ఇరవై సెకన్లే ఇస్తే ఆలోచించేవాళ్లు వెనకబడతారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన అమ్మాయికి ఇంగ్లిషు ప్రశ్న చదవడానికే ఆ టైం సరిపోదు. గడువు పెంచండి.

3. "జవాబు వెంటనే చెప్పేయండి, లేకపోతే సిలబస్ అవదు."
హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్న పద్ధతి చూడండి. ముందు ఎవరికి వారు జవాబిస్తారు. సరైన జవాబులు దాదాపు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ ఓటు వేస్తారు. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు సాగిపోవచ్చు. జవాబు ముందే చెప్పేస్తే ఆ వాదనే జరగదు.

4. "పాత బిట్లే ఎక్కించండి, కెమెరా ఉంటే కాపీ ఆగుతుంది."
కెమెరా వెనక ఇంకో ఫోన్ ఉంటుంది. హాస్టల్ గదిలో నలుగురితో ఉంటూ పరీక్ష రాసే పిల్లవాణ్ని ఆ కెమెరా ఊరికే అనుమానిస్తుంది. మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాసు సాఫ్ట్‌వేర్‌లో ఒకే లెక్కను ఒక్కొక్కరికి ఒక్కో అంకెతో ఇచ్చే సౌకర్యం ఉంది. దానికి తోడు అయిదు నిమిషాల వైవా పెట్టి, ఆ జవాబు ఎలా వచ్చిందో అడగండి.

5. "ఒక్క ఛాన్సే ఇవ్వండి, సీరియస్‌గా తీసుకుంటారు."
ఫైనల్ పరీక్షకు సరే, ప్రాక్టీసుకు కాదు. ఒకే పాఠాన్ని పదేపదే చదివినవాళ్లకన్నా, చదివింది గుర్తుచేసుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. ప్రాక్టీస్ క్విజ్ ఎన్నిసార్లయినా రాయనివ్వండి. తప్పైన ప్రతిసారీ ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో కనిపించేలా పెట్టండి.

క్విజ్ ముగిశాక మార్కుల పట్టికతో ఆగిపోకండి. ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్న ఏదో చూసి, మర్నాటి పాఠం దానితోనే మొదలుపెట్టండి.