నన్ను నడిపే వాసన

నేను ముక్కు పురుగును. పెదవేగిలో ఒక పామాయిల్ తోటలో, వాడిపోయిన మగ పూగుత్తిలో పుట్టాను. ఒళ్లంతా కలిపి నాలుగు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. మా పూర్వీకులది ఆఫ్రికాలోని కామెరూన్. 1981లో వాళ్లను మలేషియాకు తీసుకెళ్లారు. అంతకుముందు అక్కడి తోటల్లో కూలీలే చేత్తో పుప్పొడి చల్లేవారు. 1985లో మా వాళ్లు కేరళలో దిగారు, ఆ తర్వాత ఈ గోదావరి నేలకూ చేరారు.

నన్ను నడిపేది ఒకటే వాసన. మగ గుత్తి విచ్చుకుందంటే సోంపు నమిలినట్టు ఘాటుగా గుప్పుమంటుంది. అది ఎస్ట్రగోల్. ఆరు కార్బన్ల బెంజీన్ వలయం, దానికి ఒక కొసన మీథాక్సీ గుంపు, సరిగ్గా ఎదుటి కొసన మూడు కార్బన్ల అల్లైల్ తోక. మీ సోంపులోని అనెథోల్‌లో ఉన్నవీ అవే పరమాణువులు, అన్నే. తోకలోని జంట బంధం ఒక్క అడుగు వలయం వైపు జరిగింది, అంతే తేడా. బెంజీన్ వలయం రూపాన్ని కెకులే 1865లో ఊహించాడు. మా జాతి అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఆ వలయం మోసుకొచ్చే వాసన పట్టుకునే బతుకుతోంది.

మగ గుత్తి మాకు ఇల్లూ, తిండీ. వేళ్లలాంటి కంకుల మీద పాకుతుంటే పసుపుపచ్చ పుప్పొడి ఒంటినిండా అంటుకుంటుంది. ఆడ గుత్తి కూడా అదే ఎస్ట్రగోల్‌ను వదులుతుంది, కాకపోతే కొద్దిగా, ఆగి ఆగి. వాసన పట్టి వెళ్తాను. అక్కడ తినడానికేమీ ఉండదు, గుడ్లు పెట్టే చోటూ ఉండదు. కాసేపు తిరిగి వెనక్కి వచ్చేస్తాను. గెల కట్టడానికి ఆ కాసేపు చాలు. ఒకే చెట్టు కొన్నాళ్లు మగ గుత్తులు, కొన్నాళ్లు ఆడ గుత్తులు వేస్తుంది కాబట్టి పుప్పొడి మరో చెట్టు నుంచి రావాల్సిందే. తెచ్చేది మేమే.

ముసురు పడితే ఎగరలేం. పూల మీద పురుగుమందు పడితే మిగలం. ఆ లోటు ఐదారు నెలల తర్వాత గెల కోసినప్పుడు సరిగా కట్టని కాయల్లో కనబడుతుంది.

మొన్న ఒక కుర్రాడు వాడిన మగ గుత్తులు నరకబోతే పెద్ద రైతు ఆపాడు: "వాటి జోలికెళ్లకురా అబ్బాయ్! పురుగులు పిల్లలు పెట్టేది అందులోనే."