కవర్లో పెట్టిన ఎత్తు

ఒరే అబ్బాయిలూ, ఒక్క ఎత్తు మీద ఏళ్ల తరబడి పోట్లాడుకోవడం అంటే ఏమిటో మీకు తెలీదు. తెలుసుకుందామన్నా మీ చేతిలో ఉన్న ఆ ఫోను తెలుసుకోనివ్వదు.

మా రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద చదరంగం క్లబ్బు ఉండేది. క్లబ్బంటే మీరనుకునే ఏసీ గదులూ మెంబర్‌షిప్ కార్డులూ కాదు. నాలుగు బల్లలు, కాళ్లు ఊగే కుర్చీలు, కిర్రుమంటూ తిరిగే పంకా ఒకటి. సాయంత్రం అయ్యేసరికి కోర్టు నుంచి ప్లీడర్లు, బళ్లు వదలగానే మాస్టర్లు, మిరపకాయల కొట్ల నుంచి గుమాస్తాలు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చేవాళ్లు. గుమాస్తా ఎదురుగా కూర్చున్నవాడు మొదటి పది ఎత్తులూ తుమ్ముతూనే వెయ్యాలి. చొక్కాకి పట్టిన ఆ ఘాటు ఎంత దులిపినా పోదు మరి. తుమ్మితే ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఆలోచించుకోడానికి బోలెడంత టైముండేది.

అసలు ఆట మొదలవకుండానే తగువు మొదలయ్యేది. పల్లెల నుంచి వచ్చిన పెద్దమనుషులు నాటు పద్ధతి అనేవాళ్లు. మొదటి ఎత్తయినా సరే బంటు ఒక్క గడే నడవాలి. క్యాస్లింగు లేదు. రాజుకి ఇంకా చెక్ తగలకపోతే ఒకే ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు అవతలి అంచుకి చేరితే అది ఏ వరసలో చేరిందో ఆ వరస పావే అవ్వాలి తప్ప, మంత్రి కావాలంటే కుదరదు. మా టౌను వాళ్లది పుస్తకాల పద్ధతి. ఒక్కో రూలు మీదా అరగంట వాదన నడిచేది. మా తాతగారి దగ్గర ఇలాగే నేర్చుకున్నానని ఆ పల్లె పెద్దమనిషీ, పుస్తకంలో ఇలాగే ఉందని మనమూ. చివరికి మొదటాట ఆయన పద్ధతి, రెండోది మన పద్ధతి. మీకది కాలయాపనలా కనిపిస్తుందేమో గానీ, ఆ అరగంటలోనే ఎదుటివాడు ఎలాంటి మనిషో తెలిసిపోయేది.

మొన్నామధ్య హైదరాబాదులో మా మనవడు నన్నొక చోటికి తీసుకెళ్లాడు. బోర్డు గేముల సాయంత్రమట. తలుపు తీయగానే కాఫీ వాసన, అలమరల నిండా పెట్టెలు. కటాన్ అని ఒక ఆట పరిచారు. 1995లో జర్మనీలో క్లౌస్ టాయిబర్ అనే ఆయన చేసిందట. ఆరు మూలల పలకలు, వాటి మీద అంకెలు. పాచికలు వేస్తే కలపో, ఇటుకో, గొర్రెలో, గోధుమలో చేతికొస్తాయి. వాటితో రోడ్లేసి ఊళ్లు కట్టుకుంటూ పోవాలి. ముందుగా పది పాయింట్లు ఎవరికొస్తే వాళ్లది గెలుపు. రూళ్లు వివరించడానికే చాలాసేపు పట్టింది. మా అమ్మమ్మ పులిజూదం నేర్పడానికి అరుగు మీద బొగ్గుముక్కతో నాలుగు గీతలు గీసింది. చింతపిక్కలు పదిహేను మేకలు, గులకరాళ్లు మూడు పులులు. దూకి తినడం పులి పని, దారి కట్టేయడం మేకల పని. అంతే, ఆట మొదలు.

సరే, కటాన్‌లో బేరాలున్నాయి, అది నాకు నచ్చింది. రెండు గొర్రెలిస్తా, ఒక ఇటుకివ్వమని కుర్రాళ్లు సంతలోలాగే అరుచుకున్నారు. ఇంతలో పాచికల్లో ఏడు పడింది. ఏడు పడితే చేతిలో ఎక్కువ ముక్కలున్నవాళ్లు సగం వదిలేయాలట. సరిగ్గా ఏడున్నా వదలాల్సిందే అంది ఒక పిల్ల. అక్కర్లేదన్నాడు ఎదుటి కుర్రాడు. నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను. ఇక మొదలవుతుంది అసలు ఆట అనుకున్నాను. మూడోవాడు ఫోను తీసి ఏదో నొక్కి, ‘ఎనిమిది నుంచే’ అన్నాడు. ఆ పిల్ల ‘ఓ’ అని ముక్కలు సర్దుకుంది. అంతే! ఇంత ముచ్చటైన తగువు పుట్టీ పుట్టకముందే చచ్చిపోయిందే అని నా ప్రాణం ఉసూరుమంది. ఆ మాటే అంటే మనవడు నవ్వాడు. నవ్వనీ.

మా చదరంగం క్లబ్బులో తగువు అంత తొందరగా చచ్చేది కాదు. పోటీల్లో ఆట ఒక రాత్రిలో తేలకపోతే ఆపేసేవాళ్లం. ఎత్తు వెయ్యాల్సినవాడు దాన్ని బోర్డు మీద వెయ్యకుండా, ఎవరికీ కనపడకుండా కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించేవాడు. కవరు సెక్రటరీ గారి బీరువాలోకి వెళ్లేది. ఇక ఆ రాత్రి ఊళ్లో ఎవరికి నిద్ర? శంకర్ విలాస్ సెంటర్లో కాఫీ తాగుతూ ఒక బల్ల దగ్గర ఆ పక్షం, ఇంకో బల్ల దగ్గర ఈ పక్షం. జేబు బోర్డుల మీద పేపరు కప్పుకుని గుసగుసలు. ఏం రాసుంటాడు? ఏనుగుతో చెక్ చెప్పాడా, బంటు తోశాడా? 1972లో రేక్యావిక్‌లో ఫిషర్, స్పాస్కీల ప్రపంచ టైటిల్ పోటీ ఆఖరి ఆట కూడా ఇలాగే ఆగింది. మర్నాడు స్పాస్కీ బోర్డు దగ్గరికే రాకుండా ఫోన్లో ఓటమి ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఫోను చదరంగానికి చేసిన పని అదొక్కటే.

ఒకసారి నా స్నేహితుడొకడు కవర్లో పెట్టిన ఎత్తు చూసి క్లబ్బంతా నోరు వెళ్లబెట్టింది. అందరం గుర్రం ఎత్తు అనుకుంటుంటే వాడు రాజుని ఒక గడి పక్కకి జరిపాడు. ఆట డ్రా అయింది. అది భయమా, లోతైన ఆలోచనా అని వాడికీ నాకూ బతికినంత కాలం వాదన. వాళ్లమ్మాయి పెళ్లి పందిట్లో కూడా, తాంబూలాలు పంచుతూ, గుర్రం వేసుంటే నెగ్గేవాడివిరా అన్నాను. వాడు పోయి చాలా కాలమైంది. ఆ స్థితి నా నోటుబుక్కులో గీసి ఉంటే మనవడు దానికో ఫోటో తీసి ఫోనులోకి ఎక్కించాడు. రెప్ప వేసేంతలో తీర్పు వచ్చేసింది: రాజు వేసినా సున్నా, గుర్రం వేసినా సున్నా, రెండూ డ్రాయే. ఎవడడిగాడు దాన్ని? ఆ తగువే కదరా వాడు నాకు వదిలి వెళ్లింది!

కంప్యూటర్లు బలపడ్డాక, 1990ల్లో పెద్ద పోటీల్లో కవరు పద్ధతి మానేశారు. రాత్రికి రాత్రి యంత్రాన్ని అడిగొస్తారు కాబట్టి వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. పిల్లలు మాకంటే గొప్పగా ఆడుతున్నారన్నదీ ఒప్పుకుంటాను. మా గుంటూరు హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరయ్యాడు. గుడివాడలో పుట్టిన హంపి 2002లో పదిహేనేళ్లకే అయింది. వరంగల్ అర్జున్ 2024లో 2800 రేటింగు దాటాడు. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారం తెచ్చిన రెండు జట్లలోనూ గుంటూరు వాళ్లున్నారు, అటు హరికృష్ణ, ఇటు హారిక. ఆ వార్త చదివి వీధంతా మిఠాయి పంచాను. వాళ్ల మీద నాకేం ఫిర్యాదు లేదు. వాళ్లకి బోర్డు ముందు ఫోనుండదు, సొంత తలకాయే దిక్కు.

నా గొడవంతా చూసే మీతో. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల ప్రపంచ టైటిల్ పోటీ పద్నాలుగో ఆట మీరూ చూశారు. యాభై అయిదో ఎత్తులో డింగ్ ఏనుగుని జరపగానే తెర పక్కన ఎవరిది పైచేయో కంప్యూటరు చూపించే తెలుపు నలుపు పట్టీ ఒక్కసారి కిందికి జారింది. మీరంతా కేకలు. పాపం ఆ పద్దెనిమిదేళ్ల గుకేశ్‌కి మాత్రం ఇంకా తెలీదు. కళ్లు పెద్దవి చేసి, నీళ్లు తాగి, మళ్లీ మళ్లీ లెక్క చూసుకుని కనిపెట్టాడు. ఆ ఆనందం వాడొక్కడికే దక్కింది. మీకు దక్కింది పట్టీ! ఎందుకు తప్పో తెలీకుండానే తప్పని తెలిసిపోయింది మీకు.

మా క్లబ్బుకి రష్యన్ల చదరంగం పుస్తకం ఒకే ఒక్కటుండేది. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా కొన్నది, అట్ట ఊడిపోయి దారంతో కుట్టింది. దాని మార్జిన్ల నిండా పెన్సిలు రాతలే. పెద్ద పెద్ద గ్రాండ్‌మాస్టర్ల ఎత్తు పక్కనే, ఇది తప్పు, శకటు జరపాలి అని ఒక ప్లీడరు గారి రాత. దాని కింద, మీ శకటు పోతుంది చూసుకోండి అని ఒక మాస్టారి రాత. ఆ కింద ఇంకొకరు. పేజీ చాలక కాగితాలు అంటించారు. అందులో సగం రాతలు తప్పే అయ్యుంటాయి, అయినా ఒక్కొక్క రాత వెనకా ఒక్కో మనిషి కూర్చున్న సాయంత్రం ఉంది.

ఆదివారం సాయంత్రాలు మా వరండాలో రెండు బోర్డులు పరుస్తున్నాను. కావాలంటే ఆ కటాన్ పెట్టె కూడా తెచ్చుకోండి, గొర్రెలకి బేరం నేనూ ఆడతాను. గడియారం పెట్టను. పక్కన నిలబడి ఎత్తులు చెప్పేవాళ్లని ఎవరూ కసరకూడదు. ఫోన్లు మాత్రం లోపల మా ఆవిడ బియ్యం డబ్బా మీద పెట్టి రావాలి. ఏడు ముక్కలుంటే వదలాలా వద్దా అన్నది అక్కడే కూర్చుని, అరుచుకుని తేల్చుకుందాం.