డెబ్బైరెండు వోల్టుల పరువు

పాత బండికి ఎలక్ట్రిక్ కిట్టు బిగించుకునేవాళ్ళ మధ్య హోదాల పట్టిక ఒకటి తయారైంది. 36 వోల్టులవాడు సైకిలు మనిషి, లెక్కలోకి రాడు. 48వాడు బొటాబొటి సంసారి. 60 ఉంటే నలుగురిలో కూర్చోవచ్చు. 72వాడు వస్తే లేచి నిలబడాలి. "ఎన్ని వోల్టులన్నా?" అని అడగనివాడు లేడు. ఎన్ని యాంపియర్ అవర్లని అడిగినవాణ్ణి నేనింకా చూడాలి. పెళ్లిచూపులకు వెళ్ళి అబ్బాయి పొడుగు మాత్రం కనుక్కుని తాంబూలాలు పుచ్చుకున్నట్టుంది వ్యవహారం.

కొట్టువాడికి ఈ భక్తే పంట. "48 అయితే మైలేజీ రాదు సార్, 72 పెట్టించండి, బండి ఎగిరిపోద్ది" అంటాడు. మైలేజీ లెక్క వట్టి గుణకారం. 48 వోల్టులకు 30 యాంపియర్ అవర్లు: 1440 వాట్ అవర్లు. 60కి 24: అదే 1440. 72కి 20: మళ్ళీ అదే. కిలోమీటరుకు 30 వాట్ అవర్లు తాగే బండి మూడింటితోనూ 48 కిలోమీటర్లే పోతుంది.

ఎగరడం సంగతి కొంత నిజం. అదే మోటారుకి 48 బదులు 72 ఇస్తే చక్రం ఒకటిన్నర రెట్లు వేగంగా తిరగబోతుంది. గాలి ఊరుకుంటుందా? ఆ వేగానికి దాని ఎదురు రెండుంపావు రెట్లు. మైలేజీ కోసం కొన్న వోల్టేజీ మైలేజీనే తింటుంది. ఫ్లైఓవర్ ఎక్కడానికి కావలసిన లాగుడు యాంపియర్ల పని. వాటి కళ్ళెం కంట్రోలర్ చేతిలో ఉంటుంది. బ్రేకులు మాత్రం పాత డ్రమ్ములే. వాటికి వోల్టేజీ పెంచే కిట్టు ఇంకా రాలేదు.

"పాత కంట్రోలరే సరిపోద్ది" అని 48దానికి 72 తగిలించే ధీరులూ ఉన్నారు. 72 అన్నది పేరుకే; ఇరవై లిథియం సెల్లుల వరుస నిండా ఛార్జయితే 84 వోల్టులు. 48 కంట్రోలర్లలో మామూలుగా ఉండే కెపాసిటర్లు 63 వోల్టులకు చేసినవి. తరవాత వినిపించే చప్పుడుని పికప్ అనుకోకూడదు.

పై వోల్టేజీకి గుణమే లేదని కాదు. 1440 వాట్లు లాగాలంటే 48 దగ్గర 30 యాంపియర్లు కావాలి, 72 దగ్గర 20 చాలు. తీగ అదే అయితే 48 దగ్గర రెండుంపావు రెట్లు వేడెక్కుతుంది. సరుకేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కే బండి, మూడు కిలోవాట్ల మోటారు ఉన్న బండి 72 అడిగితే న్యాయమే. రైతుబజారుకీ పిల్లల బడికీ తిరిగే బండికి 48, కాస్త లావు తీగ చాలు. కానీ లావు తీగ సీటు కింద ఉంటుంది, ఎవరికి చూపించుకోవాలి?

అసలు తమాషా చట్టం దగ్గర. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేని మినహాయింపు 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బండికే. పెట్రోలు బండిని మార్చాలంటే ఆమోదం ఉన్న కిట్టు కావాలి, ఆర్‌సీలో ఆ మార్పు రాయించాలి. ఇంత తిరుగుడు ఎవడు పడతాడని కొట్టువాడు 72 వోల్టుల మోటారు మీద '250 వాట్స్' అని స్టిక్కరు అంటిస్తాడు. స్టిక్కరు ఉచితం. వానకి ఊడిపోతే సర్వీసుకి వచ్చినప్పుడు ఇంకోటి అంటిస్తాడు, దానికీ డబ్బులు తీసుకోడు.