సిటీకి పోవాలా, మిర్చికి పోవాలా

ఈ మధ్య పేపర్లలోనూ యూట్యూబులోనూ ఒకే రకం జ్ఞానం తెగ పంచుతున్నారు. పెద్ద నగరంలో ఉద్యోగం వచ్చింది, వెళ్లాలా మానాలా అన్నది ప్రశ్న. ఇంటి అద్దె జీతంలో మూడో వంతు దాటకూడదట. ఆఫీసు గంట దూరం లోపు ఉండాలట. ఆరు నెలల ఖర్చులు చేతిలో పెట్టుకుని మరీ బయల్దేరాలట. అన్నీ అయ్యాక, మీ మనసేం చెబుతోందో వినండి అని కొసరు. సలహాకు వంక పెట్టడానికి లేదు. గొల్లపల్లి దాకా రాలేదంతే.

పేరు చూసి జగిత్యాల జిల్లా గొల్లపల్లి అనుకునేరు. ఇది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. సుక్మా జిల్లా, కొంటా తాలూకా, పాత లెక్కలో బస్తర్. ఆ వైపు జనానికి ఇంట్లో కోయ మాట, సంతలో తెలుగు, బళ్లో హిందీ. సొంత రాజధాని చూడాలంటే సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరుకుని, అక్కడి నుంచి ఇంకో 300 కిలోమీటర్లు పోవాలి. అంతకన్నా భద్రాచలం వచ్చి హైదరాబాద్ బస్సెక్కడం తేలిక. రైలెక్కుదామని భద్రాచలం రోడ్డు స్టేషన్ ఎక్కడని అడిగితే మాత్రం కొత్తగూడెం పొమ్మంటారు. ఆ స్టేషన్‌కి ఆ పేరు పెట్టినాయన ఎవరో గానీ, హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్ బ్రోషర్లు రాయాల్సిన మనిషి. 'ఎయిర్‌పోర్టుకు అతి సమీపంలో' అన్న మాటకు మూలపురుషుడు ఆయనే.

అటువైపు కుర్రాడొకడు పన్నెండో తరగతి పాసయ్యాడు. వాడికి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీ దగ్గర సెక్యూరిటీ గార్డు. 14,000 జీతం, పన్నెండు గంటల డ్యూటీ. రెండోది ఖమ్మం వైపు మిరపకోత. దీనికి జీతమంటూ ఉండదు, కూలి. కొన్నిచోట్ల డబ్బుకు బదులు మిరపకాయలే కొలిచి ఇస్తారు. కంపెనీలు ఉద్యోగులకు షేర్లు ఇస్తాయి చూడండి, అదే పద్ధతి. ధర పడిపోతే ఇద్దరి మొహాలూ ఒకే రంగులో ఉంటాయి.

సిటీలో గేటు కాసి వచ్చిన మేనమామ ఉన్నాడు కాబట్టి వాడు కెరీర్ కౌన్సెలింగ్‌కి ఆయన దగ్గరికే పోయాడు.

"మామా, పద్నాలుగు వేలంట. మంచిదే గదా?"

"మంచిదే అల్లుడూ. చేతికొచ్చేది చెప్పనా? పీఎఫ్ 12 శాతం. అంటే 1,680 పోయె. ఈఎస్ఐ 105. డ్రెస్సుకు, బూట్లకు ఏజెన్సోడు 500 పట్టుకుంటడు."

"డ్రెస్సు మనదే అయిపోద్దా మరి?"

"మానేసిన రోజు తిరిగిచ్చెయ్యాలె."

మిగిలింది 11,715. ఆరుగురు కలిసి తీసుకున్న రూములో వాటా 1,500. కరెంటు, నీళ్ల ట్యాంకరు కలిపి 300. తిండి ఎంత నోరు కట్టుకున్నా 4,500. ఫోన్ రీచార్జి 350. డ్యూటీకి పోయిరావడానికి 900. చేతిలో 4,165 నిలుస్తుంది. ఇంటికి 3,000 పంపితే మిగతా పదకొండు వందల చిల్లర వైద్యానికీ, వినోదానికీ, వీడి రాజకీయ అభిప్రాయాలకూ. అద్దె జీతంలో మూడో వంతు దాటలేదు, గమనించండి. యూట్యూబ్ నిపుణుల పరీక్షలో వీడు ఫస్ట్ క్లాసు. ఆరుగురు ఒకే గదిలో, ముగ్గురు పగలు ముగ్గురు రాత్రి లెక్కన పడుకునే ఆర్థికశాస్త్రం వాళ్లకింకా తట్టినట్టు లేదు.

సరే, ఊళ్లోనే ఉంటే? అద్దె సున్నా. రేషన్ బియ్యం వస్తాయి. వడ్లు పండితే ఛత్తీస్‌గఢ్ సర్కారు క్వింటాలుకు 3,100 ఇస్తోంది, ఇవతలి రైతు అసూయపడే రేటే. ఎండాకాలంలో తునికాకు ఉంది. ప్రామాణిక సంచికి 5,500. చెవికి ఇంపుగానే ఉంది గానీ, సంచి అంటే వెయ్యి కట్టలు, కట్ట అంటే యాభై ఆకులు. ఆకుకు 11 పైసలు. తెల్లారకముందే అడవిలో పడి, తలమీద మోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కపెట్టి కట్ట కట్టి, కల్లానికి చేరిస్తే ఆ 11 పైసలు. పైసా నాణెం దేశంలో ఎప్పుడో పోయింది, తునికాకు లెక్కలో మాత్రం ఇంకా చెల్లుతోంది.

ఉపాధి హామీ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 2025-26లో రోజు కూలి ఛత్తీస్‌గఢ్‌లో 261, తెలంగాణలో 307. అదే మట్టి, అదే గడ్డపార. సరిహద్దు రాయి దాటగానే మనిషి ఒంట్లో 46 రూపాయల బలం పెరుగుతుందన్నమాట. అయితే ఆ రాయి దాటినవాడికి ఇటు జాబ్ కార్డు ఉండదు. కులం సర్టిఫికెట్‌దీ అదే తీరు. అటు గిరిజనుడిగా బస్సెక్కినవాడు ఇటు దిగేసరికి రిజర్వేషన్ లెక్కలో ఎవరూ కాడు. ఏ రాష్ట్రం గిరిజనుడు ఆ రాష్ట్రంలోనే గిరిజనుడని చట్టం. ఆ కుర్రాడి అమ్మ భద్రాచలం ఆస్పత్రికి పోవాలని తెలంగాణ బస్సెక్కిందనుకోండి. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకే. పక్క సీటు ఆమెకు జీరో టికెట్, ఈమెకు అసలు టికెట్. ఇద్దరూ పోయేది ఒకే డాక్టరు దగ్గరికి.

ఇక్కడే సలహాదారులు తప్పించుకుపోతున్నారు. నగరం ఖరీదు అణాపైసలతో చెబుతారు, ఊరి ఖరీదు ఎవరూ చెప్పరు. అద్దె లేని ఇంట్లో ఒక్క జ్వరానికి ఎంత? బండి మాట్లాడుకోవాలి, తోడు ఒకరు రావాలి, ఇద్దరి కూలీ పోవాలి, భద్రాచలంలో పరీక్షలు, మందులు, రాత్రి ఆస్పత్రి వరండాలో పడక. ఒక మలేరియాకు తునికాకు సీజనంతా చెల్లు. ఫోన్‌లో 350 పెట్టి రీచార్జి చేయించుకున్నా సిగ్నల్ దొరికే చోటికి నడవాలి. ఇవి కాక ఇంకో ఖర్చుంది, అది రూపాయల్లో పడదు. పగలు ఒకరొచ్చి, "ఎవరు నువ్వు, ఎక్కడికి పోతున్నావు, రాత్రి ఎవరికి అన్నం పెట్టావు" అని అడిగారు. రాత్రి ఇంకొకరొచ్చి, పగలు ఎవరితో మాట్లాడావని అడిగారు. ఇరవై ఏళ్లపాటు ఆ అడవిలో ప్రతి ఇంటి నెలవారీ బడ్జెట్లో ఈ జవాబులు చెప్పే పద్దు ఒకటి నడిచింది.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక కొంటా చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం కొందరు క్యాంపుల్లోకి, వేలమంది గోదావరి జిల్లాల అడవుల్లోకి, ఖమ్మం వైపుకి వచ్చేశారు. జీవన వ్యయ సూచిక చూసుకుని వచ్చినవాళ్లు కారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ సల్వాజుడుంను, గిరిజన యువకుల్ని స్పెషల్ పోలీసులుగా పెట్టుకోవడాన్ని తప్పుబట్టింది. ఆపాటికి పోయినవాళ్లు ఇటువైపు పోడు కొట్టుకుని, ఫారెస్టోళ్లతో కొత్త తగాదాలో పడి ఉన్నారు. ఆ తర్వాత కేంద్రం 2026 మార్చి 31కల్లా మావోయిజం ఉండదని గడువు పెట్టింది. రాష్ట్రం 'నియద్ నెల్లానార్' అని పథకం పెట్టింది, మీ మంచి ఊరు అని దాని అర్థమట. క్యాంపులకు దగ్గర్లోని ఊళ్లకు రోడ్డు, కరెంటు, రేషన్, టవరు అన్నీ ఇస్తామంటున్నారు. రావాలి, మంచిదే. రోడ్డంటూ పడితే మొదట దానిమీద వచ్చేది మాత్రం కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ బొలెరో.

మేనమామ అసలు కథ ఇంకా చెప్పలేదు. మొదటి రోజు డ్రెస్సేసి, విజిలిచ్చి, గేటు దగ్గర నిలబెట్టారట. సూపర్‌వైజర్ పని ఒక్క ముక్కలో చెప్పాడట: వచ్చినోణ్నల్లా ఎవరు నువ్వు, ఎక్కడికి పోతున్నావు, ఎవరి దగ్గరికి అని అడుగు.

"నాకు నవ్వాగలే అల్లుడూ. ఆ పని నాకు నేర్పాలా? చిన్నప్పటి నుంచి నన్నడిగినోళ్లే గదా అంతా! ఎట్ల నిలబడాలో, టార్చి ఏడ కొట్టాలో, రెండోసారి ఎట్ల అడగాలో అంతా నోటికొచ్చు. నెలలోపే హెడ్‌గార్డు చేసిన్రు."

బస్తర్ అనుభవాన్ని బయోడేటాలో రాసుకునే వీలున్న ఉద్యోగం దేశంలో ఇదొక్కటే ఉన్నట్టుంది. ఆయన హిందీ విని అపార్ట్‌మెంటు వాళ్లు బీహారోడన్నారు. తెలుగు విని ఏ ఆంధ్రా అని అడిగారు. కోయ మాట్లాడితే నేపాలీ అనుకున్నారు. రాత్రి రెండింటికి ఆకలేసిందని చికెన్ బిర్యానీ తెప్పించుకున్న సాఫ్ట్‌వేర్ బాబు కిందికొచ్చి ఈయనతోనే మొరపెట్టుకునేవాడట. బెంగళూరులో ఎక్కువ ఇస్తామంటున్నారు, పోవాలా వద్దా అంకుల్, అక్కడ అడ్వాన్సులూ ట్రాఫిక్కూ చాలా ఘోరమట అని. పాపం అమెరికా కూడా ఆలోచించాడు. కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ట్రంప్ ఉత్తర్వు ఇవ్వడంతో ఆ ముచ్చట ఆగిపోయింది. మామ ఓదార్చాడట: మా మేస్త్రీ కూడా తలకింత తీసుకుంటడు బాబూ, కాకపోతే బండి ఛార్జీ వాడే పెట్టుకుంటడు.

ఆ కమ్యూనిటీ బోర్డు మీద 'అడవి ఒడిలో నివసించండి' అని రాసి ఉండేదట. చదరపు అడుగు ఎంతో అడిగి తెలుసుకుని, గొల్లపల్లిలో తన ఇంటికి ఆ రేటు కట్టి చూసుకున్నాడు మామ. ఆ లెక్కన తాను కోటీశ్వరుడు. మర్నాటి నుంచి సూపర్‌వైజర్‌ని చూస్తే కొంచెం జాలేసిందట.

ఇంత విన్నాక కుర్రాడు తేల్చుకున్నాడు.

"సిటీకే పోత మామా. రెండేళ్లు చేసి, డబ్బు కూడేసి, ఐటీఐ చదువుత."

"పో అల్లుడూ, మంచిదే. మిర్చి మేస్త్రీకి చెప్పినవా మరి?"

కుర్రాడు మాట్లాడలేదు.

"అడ్వాన్సు తీసుకున్నవారా?"

"దీపావళప్పుడు. అమ్మకు జ్వరమొచ్చి భద్రాచలంలో చేర్చినం గదా. ఎనిమిది వేలు."

మామ బీడీ ఆర్పి కింద పడేశాడు. పేపర్లో నిపుణులు చెప్పిన ఆరు నెలల ఖర్చుల నిధి ఇదే. కాకపోతే ఇక్కడ అది ముందే ఖర్చయిపోయి, తర్వాత నిధి అవుతుంది.

"అయితే ఉగాది దాకా సిటీ లేదు, ఏం లేదు. ఎనిమిది వేలు తీరేదాకా కాయ కొయ్యి. చేతులకు కొబ్బరినూనె రాసుకో, కళ్లు నలుపుకోకు. ఆధార్ జిరాక్సులు పది తీసి ఉంచుకో. కోతకాడా అడుగుతరు, దారిలో అడుగుతరు, సిటీకి పోతే ఏజెన్సోడు మూడు అడుగుతడు."

"ఇక్కడ కరెంటు లేదు గదా మామా, జిరాక్సు ఏడ తియ్యాలె?"

"భద్రాచలంలో."