రాజవారసుడి సస్పెన్స్ నవల: రాయబోయేవారికి కొన్ని జాగ్రత్తలు

ముందుగా హీరోయిన్‌ను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పెట్టండి. సరదాకి గొట్టంలో ఉమ్మి ఏదో ల్యాబుకు పంపాలి. మూడో వారానికల్లా "మీరు ఫలానా సంస్థానం యువరాణి" అని రిపోర్టు రావాలి. అలాంటి రిపోర్టు ఎవరూ ఇవ్వరనీ, పోల్చి చూడ్డానికి అవతలి వంశంలో ఒకరి నమూనా ఉండి తీరాలనీ ఎవరైనా అంటే చెవిన పెట్టకండి. రష్యా జార్ కుటుంబం ఎముకల్ని గుర్తుపట్టడానికి అప్పటి ఇంగ్లండు రాణి భర్త ఫిలిప్ రక్తం ఇవ్వాల్సొచ్చింది. జార్ భార్యకు ఆయన తల్లివైపు చుట్టం మరి. తానే జార్ కూతురు అనస్తాసియానని జీవితమంతా చెప్పుకున్న ఆనా ఆండర్సన్ 1984లో పోయింది, దహనమూ అయిపోయింది. ఎప్పుడో ఆపరేషన్‌లో తీసి ఆసుపత్రివాళ్ళు దాచిన పేగుముక్క ఒకటి మిగిలింది. 1994లో దాన్ని పరీక్షిస్తే, పోలండ్ వైపు నుంచి వచ్చిన ఒక ఫ్యాక్టరీ కార్మికురాలి బంధువులతో సరిపోయింది. కథంతా పేగుముక్క మీద తేలడం మన పాఠకులకు రుచించదు. లాకెట్ పెట్టుకోండి. లాకెట్ దొరక్కపోతే చిన్నప్పుడు అమ్మ పాడిన పాట ఉండనే ఉంది.

వంశవృక్షం తాటిచెట్టులా నిటారుగా ఉండాలి, కొమ్మలు వద్దు. ఇరవై తరాలు వెనక్కి వెళ్తే ఒక్కొక్కరికి పది లక్షలకు పైగా పూర్వీకుల గళ్ళు తేలతాయి. వాటిలో ఒక రాజును ఏరుకుని తక్కిన రైతుల్నీ, కుమ్మరుల్నీ, పేర్లు కూడా మిగలని అమ్మమ్మల్నీ కొట్టేయండి.

దత్తత మాట అసలు ఎత్తకండి. మన సంస్థానాల్లో గద్దె రక్తంతోనే కాదు, దత్తత కాగితంతోనూ వచ్చేది. మైసూరు ఒడయార్లు దత్తపుత్రుణ్ణి గద్దెనెక్కించారు. ఝాన్సీలో గంగాధరరావు 1853లో చనిపోయే ముందు దత్తత తీసుకుంటే, గవర్నర్ జనరల్ డల్హౌసీ అది చెల్లదని రాజ్యాన్నే కలిపేసుకున్నాడు. ఆ సంగతి పాఠకుడికి గుర్తొచ్చిందో, మీ హీరోయిన్ రక్తపరీక్ష చూపించి సింహాసనం అడిగితే "అయితే ఏంటట?" అంటాడు.

ఆర్కైవ్స్‌కు వెళ్ళకండి. తార్నాకలో దుమ్ము తప్ప ఏముంది? కోర్టు కాగితాలు అంతకన్నా అన్యాయం. ముఖ్యంగా భవాల్ కేసు జోలికి పోకండి, పోతే మీ కలం ఆగిపోతుంది.

ఢాకా దగ్గరి భవాల్ జమీందారీలో రెండో కుమారుడు రమేంద్ర నారాయణ్ రాయ్ 1909 మేలో డార్జిలింగ్‌లో పోయాడన్నారు. పన్నెండేళ్ళకు, ఢాకాలో నదిగట్టున బూడిద పూసుకుని కూర్చున్న సన్యాసి ఒకడు కనిపించాడు. తర్వాత అతణ్ణి చూసి రమేంద్ర అక్క "మా తమ్ముడే" అంది. భార్య విభావతీదేవి కాదంది. సన్యాసికి బెంగాలీ కూడా సరిగ్గా రాదు. 1930లో సన్యాసి దావా వేశాడు. పదిహేను వందల మందికి పైగా సాక్ష్యం చెప్పారు. మీరైతే గుర్తుగా ఏం పెడతారు? పులిపంజా గీత. నిజానికి అదీ ఉంది, కుడిచేతి మీద. కానీ దాని సరసనే విరిగిన దవడపన్ను, పొలుసులు లేచిన పాదాలు, చెప్పుల సైజు 6, ఎడమ చీలమండ దగ్గర మచ్చ కూడా జాబితాకెక్కాయి. ఆ మచ్చ సంగతి రమేంద్ర డార్జిలింగ్ వెళ్ళకముందే ఇన్సూరెన్స్ డాక్టరు రాసిపెట్టాడు. జమీందారు బిడ్డ కథలో చెప్పుల సైజా? అది రాయడానికి చేయి రానివ్వకండి.

అసలు చిక్కు ఇంకోటి: పోయింది పొద్దు గూకే వేళా, అర్ధరాత్రా? పొద్దు గూకే వేళయితే, రాత్రే శ్మశానానికి మోసుకెళ్ళామనీ, గాలివానకు అందరూ చెదిరిపోయి తిరిగొచ్చేసరికి శవం లేదనీ చెప్పినవాళ్ళ మాట నిలుస్తుంది. అర్ధరాత్రయితే, మర్నాడు పొద్దున్నే పద్ధతిగా దహనం చేశామన్నవాళ్ళ మాట గెలుస్తుంది. దాంతో ఆ రాత్రి కొండమీద వాన పడిందా లేదా అని లాయర్లు తలలు పట్టుకున్నారు. మీరు మాత్రం వానను హీరో హీరోయిన్ల డ్యూయెట్ కోసం దాచుకోండి.

విలన్‌గా దివాన్నే పెట్టండి, గుబురు మీసాలతో. భవాల్లో ఫిర్యాది వేలెత్తి చూపింది సొంత బావమరిది మీద. మన ఇళ్ళల్లో నవల చదివే బావమరుదులు బోలెడుమంది, ఎందుకొచ్చిన గొడవ?

డబ్బు విషయంలో పెట్టెలో వజ్రాలు చాలు. నిజాం ఖాతా నుంచి 1948లో లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట చేరిన పది లక్షల పౌండ్లు వడ్డీతో మూడున్నర కోట్లయి, 2019లో గానీ తీర్పు రాలేదు. బ్యాంకు వడ్డీ మీద ఎవరు అధ్యాయం రాస్తారు?

చివరికి వద్దాం. భవాల్ సన్యాసి 1936లో ఢాకా కోర్టులో గెలిచాడు, తర్వాత కలకత్తా హైకోర్టులో గెలిచాడు. 1946 జూలై 30న లండన్ ప్రీవీ కౌన్సిల్ కూడా ఆయన వైపే తీర్పు చెప్పింది. ఆ కబురు అందిన రోజుల్లోనే గుడికి మొక్కు చెల్లించడానికి వెళ్ళి కుప్పకూలి పోయాడు. ఇది రాస్తే ఏ సంపాదకుడైనా "మరీ కల్పన" అని ఎర్రసిరాతో కొట్టేస్తాడు. మూడు కోర్టులు చెప్పినా విభావతీదేవి మాత్రం ఆయన్ని భర్తగా ఒప్పుకోలేదు. అదీ వద్దు. మీ నవల్లో ఆవిడ గుమ్మంలో నిలబడి, లాకెట్ చూసి, హారతి పళ్ళెం జారవిడవాలి. సీరియల్ హక్కుల కోసం వచ్చేవాళ్ళు ముందు ఆ పేజీయే తిరగేస్తారు.